పెచ్చులూడే మిద్దెకు మూడు కొటేషన్లు

నేపథ్యం

నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పట్టణంలోని ఇల్లు ఇది. స్థలం 28 అంకణాలు. మా జిల్లా బయటివాళ్ల కోసం చెబుతున్నాను, నెల్లూరు లెక్కలో అంకణం అంటే 72 చదరపు అడుగులు. ముప్పై ఏళ్ల కిందట కట్టిన ఒకే అంతస్తు మిద్దె, శ్లాబు విస్తీర్ణం 1,150 చదరపు అడుగులు. ఉండేది డెబ్బై దాటిన అమ్మ ఒక్కరే. కూతురు నెల్లూరులో, కొడుకు బెంగళూరులో ఉంటారు. డబ్బు పెట్టేది కొడుకు, తిరిగేది కూతురు, ఆ దుమ్ములో కాపురం చేయాల్సింది అమ్మ. గుర్తుపట్టే వివరాలు తీసేసి, డబ్బు లెక్కలను దగ్గరి వేలకు సర్ది ఈ కేసు రాస్తున్నాను.

నేను సివిల్ ఇంజనీర్‌ని. కాంట్రాక్టులు తీసుకోను. ఎస్టిమేట్లు వేయడం, కొలతలు తీయడం, కాంట్రాక్టర్ల బిల్లులు చూసిపెట్టడం నా పని. ఫీజు ముందే ఒక మొత్తంగా మాట్లాడుకుంటాను. పని విలువలో ఇంత శాతం అని తీసుకుంటే, ఇంటివాళ్ల ఖర్చు పెరిగినకొద్దీ నా జేబు నిండుతుంది. అప్పుడు "ఈ పని అక్కర్లేదు" అనే మాట నా నోట రావడం కష్టం.

సమస్య

హాల్లో ఫ్యాను పక్కన పెచ్చులూడి కమ్మీలు (శ్లాబులోని ఇనుప చువ్వలు) బయటపడ్డాయి. వంటింట్లో ఒక పెచ్చు స్టవ్వుకు జానెడు దూరంలో పడింది. బాత్రూమ్ గోడ అవతల పడకగదిలో చెమ్మ, ఉప్పు. వానాకాలంలో మిద్దె రెండు చోట్ల కారుతోంది. ఇవి కాక వైరింగ్ మార్చాలి, గచ్చు మీద టైల్స్ వేయాలి, ఇల్లంతా రంగులు వేయాలి. అనుకున్న బడ్జెట్ ఎనిమిది లక్షలు, మహా అయితే ఎనిమిదిన్నర. మే నెల నడుస్తోంది. మా వైపు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. అంటే సెప్టెంబర్ ఆఖరుకు మిద్దె పని అయిపోవాలి.

నా దగ్గరకు వచ్చేటప్పటికే వాళ్ల చేతిలో మూడు కొటేషన్లున్నాయి.

మొదటిది ఇళ్లు కట్టే కాంట్రాక్టర్ ఇచ్చింది. ఒక్క కాగితం. "పాత ఇల్లు రిపేరు, బాత్రూమ్ కొత్తగా, టైల్స్, వైరింగ్, పెయింటింగ్ అన్నీ కలిపి రూ.6,20,000." రెండోది నెల్లూరులో రిపేర్లు, వాటర్‌ప్రూఫింగ్ చేసే సంస్థది. నాలుగు పేజీలు, ఐటమ్ వారీగా రేట్లు, మొత్తం రూ.8,75,000. చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో "జీఎస్టీ 18 శాతం అదనం". మూడోది ఊళ్లోని బేల్దారి మేస్త్రిది. కూలి మాత్రమే రూ.3,10,000, మెటీరియల్ ఇంటివాళ్లు తెచ్చుకోవాలి.

"ఇందులో ఏది తక్కువో మాకు తెలుస్తుంది సార్. ఏది కరెక్టో చెప్పండి" అంది కూతురు.

ముందు చేసి చూసినవి

కొడుకు అప్పటికే ఒక పట్టిక తయారుచేశాడు. ప్రతి మొత్తాన్నీ 1,150తో భాగించాడు. చదరపు అడుగుకు 540, 760, 270 అని వచ్చింది. కొత్త ఇల్లు కట్టేటప్పుడు ఈ లెక్క కొంతవరకు పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ ప్రతి అడుగులోనూ ఇంచుమించు ఒకే రకం పని ఉంటుంది. రిపేరులో అలా ఉండదు. పడకగదిలో రంగులతో సరిపోతుంది, బాత్రూమ్‌లో ఇటుక దాకా కొట్టాలి. పైగా ఆ మూడు అంకెలూ ఒకే పనికి వేసినవి కావు. ఒకరు జీఎస్టీ కలపలేదు, ఒకరు మెటీరియలే కలపలేదు, ఒకరు ఏం కలిపారో ఆయనకే తెలియాలి.

జీఎస్టీ గురించి ఇక్కడే ఒక మాట. ఏడాదికి 20 లక్షల లోపు సర్వీసు చేసే చిన్న మేస్త్రికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాబట్టి ఆయన పన్ను వేయకపోవడం తప్పు కాదు. రెండో సంస్థ వేయడమూ తప్పు కాదు. పోల్చేటప్పుడు మాత్రం ఇంటివాళ్ల జేబులోంచి పోయే అంకె చూడాలి. 8.75 లక్షలు అనుకున్నది నిజానికి 10.32 లక్షలు.

కాబట్టి నేనే కొలతలు తీసి ఒకే జాబితా తయారుచేశాను. ఐటమ్, దాని వర్ణన, కొలత, రేటు కోసం ఖాళీ గడి. ముగ్గురికీ అదే పంపాను. వర్ణన దగ్గరే ఎక్కువ సమయం పట్టింది. "టైల్స్ వేయడం" అని రాస్తే ముగ్గురికీ మూడు అర్థాలు. పాత గచ్చు కొట్టాలా, దాని మీదే వేయాలా? టైలు రేటు ఎంత అనుకోవాలి? అంచు పట్టీ విడిగా లెక్కా, కలిపా? కొట్టిన రబ్బీసు ఇంటి ముందు పోసి వెళ్తారా, ట్రాక్టర్‌లో ఎత్తించేస్తారా? వైరింగ్ అంటే వైరూ స్విచ్చులూ కలిపా, కూలి మాత్రమేనా? మొదటి కాంట్రాక్టర్ "అన్నీ కలిపి"లో స్విచ్చులు లేవు, రబ్బీసు ఎత్తడం లేదు, టైలు అడుగుకు 45 రూపాయలది. ఆ ధరలో ఆ కుటుంబం కోరుకునే టైలు దొరకదు. ఇవన్నీ అడిగితే దాచకుండానే చెప్పాడు. మోసం చేసే ఉద్దేశం నాకు కనబడలేదు. అడగనిది చెప్పకపోవడం ఆ వ్యాపారంలో అలవాటు, అంతే.

రంగుల కొలత దగ్గర ఇంకో తేడా బయటపడింది. లోపలి గోడలు, సీలింగ్ కలిపి మొదటాయన నోటి లెక్క 5,200 చదరపు అడుగులు, సంస్థ లెక్క 4,350, నాది 4,100. తలుపులు, కిటికీల ఖాళీని తీసేయాలా వద్దా అన్నదే అసలు తేడా. కట్టుబడి పనుల కొలతలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1200 ప్రకారం రెండు వైపులా ఒకే పని చేసిన గోడలో అర చదరపు మీటరు లోపు ఖాళీని తీసేయక్కర్లేదు. అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా అయితే ఒక వైపే తీసేస్తారు. అంతకు మించితే రెండు వైపులా. మూడడుగుల ఏడడుగుల తలుపు 21 చదరపు అడుగులు, అంటే దాదాపు రెండు చదరపు మీటర్లు. కాబట్టి ఒక వైపే తీసేయాలి. మన వైపు మేస్త్రీలు చాలామంది ఏమీ తీసేయరు. అంచులు, మూలలు తీర్చడానికి పట్టే కూలి ఆ ఖాళీలో సరిపోతుందంటారు. అందులో కొంత న్యాయం ఉంది, ఐఎస్‌లో ఒక వైపు వదిలేసిందీ అందుకే. ఏ పద్ధతైనా సరే, పని మొదలయ్యేముందు కాగితం మీదకు రావాలి. 5,200కీ 4,100కీ మధ్య 1,100 అడుగులు. అడుగుకు రూ.28 చొప్పున ముప్పై వేలు దాటుతుంది. ఈ గొడవ ఎప్పుడూ చివరి బిల్లు రోజే వస్తుంది, అప్పటికి గోడలకు రంగులు ఆరిపోయి ఉంటాయి.

జాబితా చూసి మొదటాయన నొచ్చుకున్నాడు. "ఈ లెక్కలన్నీ ఎందుకు సార్? ఇల్లు చూసినాం, పని చేసిస్తాం. మాట మీద నడిచే మనుషులం." అయినా నింపి పంపాడు. మేస్త్రి కొడుకు చేత నింపించాడు. మేస్త్రి కూలికి నా మెటీరియల్ లెక్క కలిపాను. అక్కడ బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది, "ఇసుక ఫ్రీ అన్నారు కదా సార్, ఇంత వేశారేంటి?" అని. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో ఉచిత ఇసుక విధానం ఉన్న మాట నిజమే. కానీ రేవు నుంచి ఇంటి ముందుకు రావడానికి లోడింగు, బండి బాడుగ ఉంటాయి, నేను వేసింది అదే.

ఇప్పుడు అంకెలు ఇలా వచ్చాయి. మొదటాయన 7.05 లక్షలు, మేస్త్రి మెటీరియల్‌తో కలిపి 7.55, సంస్థ పన్ను కాకుండా 8.60, పన్నుతో 10.15. అందరూ ఒకే కొలతలకు, ఒకే వర్ణనకు ఇచ్చిన రేట్లు. చాలామంది ఇళ్లవాళ్లు, నిజం చెప్పాలంటే చాలామంది ఇంజనీర్లు కూడా, ఇక్కడ ఆగిపోతారు. ఈ కుటుంబం కూడా మొదటాయనకు అడ్వాన్స్ ఇవ్వడానికి సిద్ధపడింది.

ఎందుకు ఆగమన్నాను

ఆ జాబితాలో ఒక అంకె ఊహ. సీలింగ్ రిపేరు 120 చదరపు అడుగులు అని రాశాను. కంటికి పెచ్చు లేచినట్టు కనిపిస్తున్నది అంత. తక్కిన ఐటమ్‌లన్నీ టేపుతో కొలిచినవి, ఎవరు కొలిచినా అటూ ఇటుగా అంతే వస్తాయి. ఇది మాత్రం కొట్టాక గానీ తేలదు. అది పెరిగితే ముగ్గురి వరుస ఇలాగే ఉంటుందా?

ఉండదని మొదటాయన కాగితంలోనే కనబడింది. 120 అడుగుల సీలింగ్‌కు తక్కువ రేటు వేసి, "మించితే ఎక్స్‌ట్రా" అని రాశాడు. ఎక్స్‌ట్రా రేటు గడి ఖాళీగా ఉంది. గట్టిగా అడిగితే అడుగుకు 650 అన్నాడు. సంస్థ రేటు ఎంత పెరిగినా 420. మేస్త్రిది కూలి 160, మెటీరియల్ 210, కలిపి 370.

ఇంక అసలు ఎంత ఉందో చూడాలి. సీలింగ్ మొత్తం 1,020 అడుగులు. స్టూలు వేసుకుని చిన్న సుత్తితో గదిగదికీ తట్టుకుంటూ వెళ్లాం. గట్టి కాంక్రీటు ఖణేల్‌మంటుంది, లోపల విడిపోయి ఉంటే డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగినచోటల్లా చాక్‌పీసుతో గీత గీశాం. ఆ గీతలు కొలిస్తే 310 అడుగులు వచ్చింది. అంచుల్లో ఇంకొంచెం పోతుంది కాబట్టి పై హద్దు 360 అనుకున్నాను.

360 వేసి చూస్తే మొదటాయన మొత్తం 8.61 లక్షలు, మేస్త్రి 8.44, సంస్థ 9.61, పన్నుతో 11.34. అందరికంటే తక్కువ ఇచ్చినాయన రెండో స్థానానికి దిగాడు. రిపేరు పనుల్లో ఇలా తరచూ చూస్తుంటాను. కంటికి కనిపించే పనికి తక్కువ వేసి గెలుస్తారు, కనిపించని పనికి ఎక్కువ వేసి రాబట్టుకుంటారు. కొందరు కావాలని చేస్తారు, కొందరికి అదొక అలవాటు. ఇంటివాళ్ల ఖర్చు మాత్రం రెండింటిలోనూ ఒకటే.

అయినా ఇది ఇంకా డబ్బు లెక్కే. ఇంటివాళ్లకు కోపం వచ్చినా సరే, మూడు చోట్ల కొట్టి చూద్దామన్నాను. హాల్లో ఫ్యాను దగ్గర, వంటింట్లో, వాననీటి గొట్టం దిగే మూలలో. అమ్మకు ఇష్టం లేదు. "ఉన్నది ఊడిపోతుండాదని మేం ఏడస్తుంటే నువ్వు ఇంకా కొడతానంటావేంది నాయనా?" అన్నారు. పనికి ముందే రెండు మూడు వేలు కూలికి పెట్టి సొంత మిద్దె కొట్టించుకోవడం ఎవరికైనా కష్టమే. కానీ ఇక్కడ తెలిసిన విషయాలే మిగతా నిర్ణయాలన్నింటినీ మార్చాయి.

కమ్మీ కింద ఉన్న కాంక్రీటు మందం 10, 12 మిల్లీమీటర్లే. కాంక్రీటు కట్టడాల ప్రమాణం ఐఎస్ 456:2000 తీరప్రాంతాన్ని తీవ్రమైన వాతావరణంగా లెక్కగట్టి 45 మిల్లీమీటర్లు అడుగుతుంది. ఇల్లు ఆ కోడ్ కంటే పాతది కాబట్టి అప్పటి మేస్త్రిని అనేదేమీ లేదు. అప్పుడే కొట్టిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లాం. క్షారగుణం బతికుంటే గులాబీ రంగు రావాలి. కమ్మీ చుట్టుపక్కల రాలేదు. అంటే కమ్మీని తుప్పు నుంచి కాపాడే గుణం అక్కడ పోయింది. దీనికి తోడు, కట్టేటప్పుడు ఏ నీళ్లు వాడారని అమ్మను అడిగాను. "ఆ రోజుల్లో కుళాయి యాడుంది నాయనా? బోరు నీళ్లే. నోట్లో పోసుకుంటే ఉప్పు." కమ్మీలున్న కాంక్రీటుకు కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని ఐఎస్ 456 అంటుంది. నోటికి ఉప్పగా తగిలే నీళ్లు ఆ హద్దు దాటేసినట్టే అనుకోవాలి.

ఉప్పు ఉందని తేలాక ప్యాచ్ వర్క్ లెక్క మారిపోతుంది. పైపై పెచ్చు తీసి సిమెంట్ పూస్తే, కొత్త పూత కింద కమ్మీ బాగానే ఉంటుంది. ఆ పూత అంచు దాటగానే ఉప్పున్న పాత కాంక్రీటులో అదే కమ్మీ మునుపటికంటే వేగంగా తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు తీసుకుంటుంది కాబట్టి కింది కాంక్రీటును తోసేస్తుంది. రెండు మూడేళ్లకు ప్యాచ్ చుట్టూ ఉంగరంలా కొత్త పెచ్చులు లేచిన ఇళ్లు మా తీరంలో వెతుక్కోనక్కర్లేదు. అందుకే కమ్మీ వెనక వైపు కూడా కనీసం 20 మిల్లీమీటర్లు కొట్టి, కమ్మీని నాలుగు వైపులా శుభ్రం చేసి, తుప్పు ఆపే పూతలు వేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో నింపాలి. ఇది పూత పని కాదు, వేరే పని.

వంటింట్లో ఇంకా తేడాగా ఉంది. 8 మిల్లీమీటర్ల కమ్మీ శుభ్రం చేసి కొలిస్తే ఒకచోట 6 వచ్చింది. వినడానికి పావు వంతు పోయినట్టుంటుంది. బరువు మోసేది కోత వైశాల్యం. అది వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి 64 పాళ్ల నుంచి 36 పాళ్లకు పడింది, అంటే 44 శాతం పోయింది. ఇంక ఇది నేను ఒక్కడినే తేల్చే విషయం కాదని స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలిచాను. వంటింటి భాగానికి జాకీలు (శ్లాబుకు కింద నుంచి ఆసరాగా నిలిపే ఇనుప కాళ్లు) పెట్టి, పాత కమ్మీల పక్కన కొత్తవి కట్టమని ఆయన రాసిచ్చారు.

మిద్దె పైభాగం విషయంలోనూ ఇదే చూపు అవసరమైంది. మొదటాయన ప్రతిపాదన పాత సుర్కీ (సున్నం, ఇటుక పొడి కలిపి వేసిన పొర) మీదే మూడు అంగుళాల ఇటుక ముక్కల కాంక్రీటు వేయడం. చవక, దుమ్ము తక్కువ, అమ్మకు నచ్చింది. 1,150 అడుగుల మీద మూడు అంగుళాలంటే ఎనిమిది ఘనపు మీటర్లు, దాదాపు 15 టన్నులు. చదరపు మీటరుకు 140 కిలోలు పైచిలుకు. మనుషులు తిరిగే మిద్దెకు, కట్టడాల మీద పడే బరువుల ప్రమాణం ఐఎస్ 875 లెక్కగట్టే బరువే 150 కిలోలు. కమ్మీలు సన్నబడిన శ్లాబు మీద, మనుషుల కోసం ఉంచిన మోత మొత్తాన్ని ఇటుక ముక్కలకు ఇచ్చేసినట్టు. సంస్థ చెప్పింది పాతది తీసేసి, పలచగా వాలు తీర్చి, సాగే గుణమున్న పూత వేయడం, పిట్టగోడ మొదలులో మూలను గుండ్రంగా తీర్చడం. దానివల్ల శ్లాబు మీద బరువు తగ్గుతుంది.

రెండోసారి అడిగినప్పుడు

కొట్టిన చోట్లు చూపించి, కమ్మీ వెనక కొట్టాలని రాసి, మూడు జాబితాలూ మళ్లీ పంపాను. ఈసారి సీలింగ్ ఐటమ్‌కు రెండు కొలతలు, 120కి ఒకటి, 360కి ఒకటి. నాకు ముఖ్యంగా కావాల్సింది, పని కష్టమయ్యేసరికి ఎవరి రేటు ఎలా కదులుతుందో చూడటం.

మొదటాయన "సరే సార్, అట్టే చేద్దాం" అన్నాడు. రేటు పైసా మారలేదు. కమ్మీ వెనక కొట్టడమంటే తలపైకి చేతులెత్తి ఒక్కో అడుగుకు అంతకుముందు పట్టిన కూలికి రెట్టింపు పడే పని. అది విని కూడా రేటు కదలలేదంటే, ఆ వాక్యం ఆయన చదవలేదు, లేదా ఆ పని చేయడు. ఆయన మిద్దెకు నోటిమాటగా పదేళ్ల గ్యారంటీ కూడా ఇచ్చాడు. అడ్వాన్స్ సగం అడిగాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడమని కూతురికి చెప్పాను.

సంస్థ మనిషి మళ్లీ ఇంటికి వచ్చాడు. గీతలు చూశాడు, సుత్తి అడిగి తీసుకుని తానే తట్టాడు, రేటును 420 నుంచి 480కి పెంచాడు. ఎందుకు పెంచాడో రాసిచ్చాడు. కొట్టే లోతు ఇంత, మోర్టార్ మందం ఇంత, జాకీలు ఇన్ని అని. గ్యారంటీ మూడేళ్లే, కాగితం మీద. కొడుకుకు ఇది నచ్చలేదు. "తగ్గించమని పంపితే పెంచాడేంటి సార్!" అన్నాడు. నాకు మాత్రం ఆ అరవై రూపాయలతోనే నమ్మకం కుదిరింది. పని ఏమిటో అర్థమైన మనిషి రేటు కదులుతుంది.

మేస్త్రి జవాబు ఇంకో రకం. "ఉన్నమాట చెప్తుండా సార్. కమ్మీ ఎనకాల కొట్టే పని మావోళ్లకు రాదు. అది ఇంకెవురికన్నా ఇయ్యండి, మిగతాది నేను చేస్తా." ఇలా ఒక ఐటమ్ వదులుకునే మేస్త్రి అరుదు. ఆ రోజే ఆయనకు మిగతా పని ఇవ్వాలనుకున్నాను, అప్పటికి ఇంటివాళ్లకు చెప్పలేదు.

ఏది పనిచేసింది

ఒక్కరికే ఇవ్వాలన్న ఆలోచన వదిలేసి, పనిని రెండుగా విడగొట్టాం. కొట్టేదాకా కొలత తెలియని పనులు, అంటే సీలింగూ మిద్దె పైభాగమూ సంస్థకు. ముందే టేపుతో కొలవగలిగినవి, బాత్రూమ్, టైల్స్, రంగులు, వైరింగ్, కూలి పద్ధతిలో మేస్త్రికి. మెటీరియల్ నేను రాసిచ్చిన కొలతల ప్రకారం కూతురు తెప్పించింది. సంస్థకు పన్ను కట్టాల్సి వచ్చేది ఇప్పుడు ఆ రెండు ఐటమ్‌ల మీదే.

ఇలా విడగొట్టడంలో పెద్ద చిక్కు ఒకటుంది. రేపు కారితే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. అందుకని వరుస రాసుకున్నాం. ముందు వంటింట్లో, హాల్లో జాకీలు. పాత సుర్కీ కొట్టేటప్పుడు శ్లాబు అదురుతుంది, బలహీనంగా ఉన్న సీలింగ్ కింద మనుషులుంటారు, కాబట్టి జాకీలు లేకుండా పైన సుత్తి వేయకూడదు. తర్వాత పైభాగం. ఆ తర్వాత గొట్టాలు మూసి, రెండంగుళాల నీళ్లు కట్టి, రెండు రోజులు ఉంచి, కింద చెమ్మ లేదని సంస్థ మనిషి, మేస్త్రి, కూతురు ముగ్గురూ సంతకం పెట్టాలి. అప్పుడే సీలింగ్ రిపేరు. మేస్త్రి మనుషులు మిద్దె పైకి ఎక్కడం ఆ సంతకం తర్వాత నిషేధం. వాటర్ ట్యాంక్ పైపు మార్చాల్సి ఉంటే అది ముందే మార్చెయ్యాలి. డబ్బు మాట కూడా అలాగే. అడ్వాన్స్ పది శాతం, మిగతాది కొలిచిన పనికి కొలిచినప్పుడు. సంస్థ బిల్లులో ఏడున్నర శాతం డిసెంబర్ ఆఖరుదాకా ఆపుతామని రాయించాం. వేసవిలో వేసిన వాటర్‌ప్రూఫింగ్‌కు మా జిల్లాలో కార్తీక మాసపు వానలే పరీక్ష. సంస్థ మొదట ఒప్పుకోలేదు, మూడు నెలలు చాలన్నారు. జూలై మొదట్లో పని అయిపోతే మూడు నెలలకు అక్టోబర్ మొదటి వారం వస్తుంది, అప్పటికి వాన మొదలే కాదు అని క్యాలెండర్ చూపిస్తే ఒప్పుకున్నారు.

ఈ లెక్కన మొత్తం 9.6 లక్షలు దాటుతోంది. బడ్జెట్‌కు మించింది. ఎక్కడ తగ్గించాలన్నప్పుడు కంటికి కనిపించే పనుల్లోనే తగ్గించమన్నాను. రెండు పడకగదుల్లో పాత మొజాయిక్ గచ్చు గట్టిగానే ఉంది, టైల్స్ వదిలేసి పాలిష్ పట్టించాం. లక్షా పది వేలు మిగిలాయి. అమ్మకు సంతోషం కూడా, ఆ గచ్చు ఆమె భర్త దగ్గరుండి వేయించిందట.

సీలింగ్ పని చివరికి 338 అడుగులు తేలింది. బాత్రూమ్ నేల కొడితే పాత సిమెంట్ గొట్టం పగిలి ఉంది, పడకగది చెమ్మకు అసలు కారణం అదే. దానికి 18 వేలు పట్టింది. వంటింటి కమ్మీలు, జాకీలు కలిపి ఇంకో 20 వేలు. అన్నీ కలిపి 8.80 లక్షల దగ్గర ఆగింది. బడ్జెట్ కంటే ముప్పై వేలు ఎక్కువ. నవంబర్ వానల్లో పిట్టగోడ మొదలులో ఒకచోట చెమ్మ కనిపించింది, మూల సరిగా గుండ్రం తీర్చని చోటు. ఫోన్ చేసిన వారంలో సంస్థ మనుషులొచ్చి సరిచేశారు. ఆపిన డబ్బు జనవరిలో ఇచ్చేశాం.

తట్టినప్పుడు గట్టిగా మోగిన 680 అడుగుల్లోనూ ఉప్పు ఉంది. దాన్ని ముట్టుకోలేదు. ఏడాదికొకసారి వానలయ్యాక తట్టి చూడమని, చాక్ గీతల ఫోటోలు దాచుకోమని చెప్పాను.

తర్వాతి కేసుల్లో ఏం చేస్తున్నాను

ఈ కేసు తర్వాత నా జాబితాలో రెండు గడులు ఎప్పుడూ ఉంటున్నాయి. కొట్టాక పెరిగే ప్రతి ఐటమ్‌కూ పై హద్దు కొలత ఒకటి, ఎక్స్‌ట్రా రేటు ఒకటి. ఎక్స్‌ట్రా రేటు ఖాళీగా పంపిన కొటేషన్‌ను మొత్తంతో సంబంధం లేకుండా వెనక్కి పంపిస్తాను. రెండు కొలతలకూ వరుస మారకపోతే తక్కువకు ఇచ్చినాయన నిజంగా తక్కువకు ఇచ్చినట్టు. మారితే, ఏ ఐటమ్ దగ్గర మారిందో అక్కడ కొట్టి చూస్తాం. ఇల్లంతా కొట్టనక్కర్లేదు, వరుసను మార్చే చోటు కొడితే చాలు.

మొదటిసారి వచ్చిన కొటేషన్‌కూ రెండోసారి వచ్చినదానికీ తేడా రాసుకుంటాను. రేటు ఎందుకు కదిలింది, ఎందుకు కదల్లేదు. ఈ మేస్త్రిలా "ఈ పని మాకు రాదు" అన్నవాళ్ల పేర్లు విడిగా ఒక పుస్తకంలో ఉన్నాయి. తర్వాత వచ్చే పనులకు ముందు వాళ్లకే ఫోన్ చేస్తాను.

అన్ని ఇళ్లకూ ఇంత తతంగం అవసరం లేదు. రంగులు మాత్రమే వేయించుకునే ఇంటికి, ఒక్క గదికి టైల్స్ మార్చే పనికి ఇది దండగ. అక్కడ కొలత పద్ధతి, మెటీరియల్ బ్రాండు, రబ్బీసు ఎవరు ఎత్తాలో రాసుకుంటే సరిపోతుంది, మూడు కొటేషన్లలో తక్కువది తీసుకోవచ్చు. సముద్రానికి పది పదిహేను కిలోమీటర్ల లోపు పాత మిద్దె, సీలింగ్‌లో ఒక్క పెచ్చు లేచినా సరే, అలాంటి ఇంటికి కొటేషన్లు పిలవకముందే సుత్తి, చాక్‌పీసు పట్టుకుని వెళ్తున్నాను.